నాన్న అడిగిన ప్రశ్న: గెటిస్‌బర్గా, విక్స్‌బర్గా?

నల్లరేగడి (జాక్సన్, మిసిసిపీ)

అందరికీ నమస్కారం. మా నాన్న, అమ్మ ఊరి నుంచి వచ్చారు. మాది పల్నాడు. నాన్న నలభై ఏళ్లుగా పత్తి పండిస్తున్నారు. మొన్న ఆదివారం వాళ్లను విక్స్‌బర్గ్ యుద్ధభూమికి తీసుకెళ్లాను, అమెరికా ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య జరిగిన అంతర్యుద్ధం నాటిది. మా ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టదు.

అక్కడ ఇల్లినాయి రాష్ట్రం వాళ్లు కట్టించిన స్మారకం ఉంది, తెల్లరాతి గుండ్రటి కట్టడం. నాన్నకు మోకాళ్ల నొప్పులు, అయినా మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కారు. 47. 'ఈ లెక్కేందిరా, యాభై పెట్టొచ్చుగా' అన్నారు. ముట్టడి 47 రోజులు సాగింది నాన్నా, రోజుకో మెట్టు అన్నాను. ఆయన వెనక్కి తిరిగి ఆ మెట్లన్నీ మళ్లీ ఒకసారి చూశారు.

లోపలికి వెళితే పైకప్పు మధ్యలో ఖాళీ, ఆకాశం కనబడుతుంది. గోడల చుట్టూ కంచు పలకలు, వాటి మీద ఇల్లినాయి నుంచి వచ్చిన 36,325 మంది సైనికుల పేర్లు. నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు. ఒక వరస మీద వేలు పెట్టి అలా చివరిదాకా నడిపించారు. 'వీళ్లంతా రైతుల పిల్లలేగా' అన్నారు. చాలామంది అంతే.

కారెక్కాక అడిగారు. 'మరి మీ అమెరికా వాళ్లంతా గెటిస్‌బర్గ్, గెటిస్‌బర్గ్ అంటారు గదా, దీని పేరు నేనెప్పుడూ వినలేదే. ఏది పెద్ద యుద్ధం? దేనితో తేలింది?' నేను తడుముకుంటూ ఏదో చెప్పాను, అది ఆయనకూ ఆనలేదు, నాకూ ఆనలేదు. ఇక్కడ చదువుకున్నవాళ్లు, చూసొచ్చినవాళ్లు ఉన్నారు. చెప్పండి, ఆయనకు చదివి వినిపిస్తాను.


పద్మ_హారిస్‌బర్గ్

మీ నాన్నగారికి మా ఇంటి తరఫున నమస్కారాలు చెప్పండి. నేను గెటిస్‌బర్గ్‌కు గంట దూరంలో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. చుట్టాలు ఎవరొచ్చినా ముందు తీసుకెళ్లేది అక్కడికే. నా ఓటు గెటిస్‌బర్గ్‌కే.

1863 జూలై 1, 2, 3. మూడు రోజులు. దక్షిణాది సేనాని రాబర్ట్ లీ అప్పటికి వరసగా గెలుస్తూ వస్తున్నాడు. సైన్యాన్ని తీసుకుని ఉత్తరాది నేల మీదికే వచ్చేశాడు. ఉత్తరాది సేనాని జార్జ్ మీడ్ ఆ పదవిలోకి వచ్చి అప్పటికి మూడు రోజులే. జనం రెండున్నర వేలు కూడా లేని ఊరు. అక్కడ లక్షన్నర మందికి పైగా తలపడ్డారు. 51 వేల మంది చచ్చిపోయారు.

రెండో రోజు లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీద జరిగింది విన్నా చాలు. ఉత్తరాది వైపు మెయిన్ అనే రాష్ట్రపు 20వ రెజిమెంట్, దాని నాయకుడు జాషువా చాంబర్లిన్. యుద్ధానికి ముందు కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి. సైన్యం వరసకి చిట్టచివర అతని మనుషులే, వాళ్లు కదిలితే గుట్ట పోయినట్టే. తూటాలు అయిపోయాయి. తుపాకీకి బాకులు తగిలించి కిందికి దూకండి అన్నాడు. దూకారు, నిలబెట్టారు.

మూడో రోజు దక్షిణాది సేనాని పికెట్ దాడి. పన్నెండు వేలకు పైగా మనుషులు బయలు పొలంలో ముప్పావు మైలు నడిచి వచ్చారు, ఎదురుగా ఫిరంగులు. నేను ఆ దారిలో చాలాసార్లు నడిచాను. దూరం నుంచి చదునుగా కనిపిస్తుంది గానీ మధ్యలో పల్లాలున్నాయి. వాటిలోకి దిగితే ఎదుటి గట్టు కనబడదు, పైకి రాగానే మళ్లీ కళ్లముందు నిలబడుతుంది. రోడ్డు దగ్గర కంచె దాటాలి. ఆ కంచె దగ్గర నాకు ప్రతిసారీ కాళ్లు ఆగిపోతాయి. ఫిరంగులు తమ వైపు పేలుతుంటే ఎవరైనా దాన్ని ఎలా ఎక్కి దాటారో నాకు ఇప్పటికీ ఊహకు అందదు. వచ్చినవాళ్లలో సగానికి పైగా పడిపోయారు, లేదా పట్టుబడ్డారు. లీ మళ్లీ అంత సైన్యంతో ఉత్తరాదిలోకి రాలేదు. మలుపు అంటే అదే కదా.


కాజీపేట_జంక్షన్

పద్మమ్మా, మీరు చెప్పిందంతా నిజం. కానీ గెటిస్‌బర్గ్ తర్వాత లీ సైన్యం ఏమైంది? వెనక్కి పోయింది. ఇంకా రెండేళ్లు కొట్లాడింది. విక్స్‌బర్గ్‌లో ఏమైంది? సైన్యానికి సైన్యమే లొంగిపోయింది. దాదాపు 29,500 మంది. తుపాకులు, ఫిరంగులు అన్నీ అప్పజెప్పి.

నేను 31 ఏళ్లు రైల్వేలో చేసిన మనిషిని. నాకు యుద్ధం అంటే ముందు దారులే కనిపిస్తయి. మిసిసిపీ నది వాళ్లకు మన గ్రాండ్ ట్రంక్ లైన్ లాంటిది. విక్స్‌బర్గ్ ఆ నది వంపులో ఎత్తైన గట్టు మీద ఉంది. కింద ఏ పడవ పోయినా పైనుంచి ఫిరంగి కొడుతుంది. అది దక్షిణాది చేతిలో ఉన్నంతకాలం టెక్సస్, ఆర్కన్సా నుంచి పశువులు, సరుకు తూర్పుకు పోతనే ఉంటయి. అది తెగితే వాళ్ల దేశం రెండు ముక్కలు.

ఉత్తరాది సేనాని గ్రాంట్ చలికాలమంతా తంటాలు పడ్డడు. నది వంపును తప్పించడానికి కాలువ తవ్వించిండు, కాలేదు. వాగుల్లోంచి పోదామని చూసిండు, కాలేదు. పేపర్లన్నీ తిట్టినయి. చివరికి ఏప్రిల్ 16 రాత్రి ఉత్తరాది నౌకాదళం పోర్టర్ పడవలు ఆ ఫిరంగుల కిందనుంచే ప్రవాహం వెంట దూసుకుపోయినయి. ఏప్రిల్ 30న ఊరికి చాలా దిగువన సైన్యాన్ని నది దాటించిండు. అక్కడినుంచి నేరుగా విక్స్‌బర్గ్ మీదికి పోలేదు చూడండి, అదే నాకు నచ్చేది. ముందు తూర్పుకు తిరిగి జాక్సన్ పట్టుకుని రైలు పట్టాలు పీకేసిండు. మన తమ్ముడు ఉంటున్న ఆ జాక్సనే. విక్స్‌బర్గ్‌కు తిండి, మందుగుండు, సాయం వచ్చే జంక్షన్ అది. పదిహేడు రోజుల్లో ఐదు యుద్ధాలు గెలిచి అప్పుడు ఊరిని చుట్టుముట్టిండు.

తమ్ముడూ, నాన్నకు చెప్పు: తేల్చింది విక్స్‌బర్గే.


పాత_మ్యాపులు (రాజమండ్రి)

రెండు వైపులా బాగా చెప్పారు. చరిత్ర లెక్చరర్‌గా రిటైరైనవాణ్ణి, ఒక సవరణ, రెండు మాటలు.

పద్మగారూ, 51 వేలు అన్నది మరణాల సంఖ్య కాదు. చనిపోయినవారు, గాయపడ్డవారు, గల్లంతైనవారు, పట్టుబడ్డవారు అందరూ కలిసి. యుద్ధభూమిలోనే ప్రాణాలు పోయినవారు ఏడెనిమిది వేల మధ్య. గాయాలతో తర్వాతి వారాల్లో పోయినవారు ఇంకా వేలల్లో ఉన్నారు. ఈ పొరపాటు పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది, అందుకే చెబుతున్నాను.

ఇక మొదటి మాట. ఈ రెండు యుద్ధాలను విడదీయకండి. 1863 మేలో దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో పెద్ద చర్చ జరిగింది. లీ సైన్యంలోంచి కొంత భాగాన్ని పడమటికి పంపి విక్స్‌బర్గ్‌ను కాపాడదామా అని. లీ ఒప్పుకోలేదు. తాను ఉత్తరాదిలోకి చొచ్చుకుపోతే వాళ్లే అల్లాడిపోతారన్నాడు. అలా పుట్టింది గెటిస్‌బర్గ్. జూలై 4న విక్స్‌బర్గ్ లొంగిపోయింది. అదే రోజు లీ సైన్యం వానలో తడుస్తూ గెటిస్‌బర్గ్ నుంచి తిరుగు ప్రయాణం కట్టింది. అమెరికా స్వాతంత్ర్య దినం రోజునే రెండూ.

రెండో మాట. మీడ్ వెంటాడి లీ సైన్యాన్ని పూర్తిగా దెబ్బతీయలేదని లింకన్ ఎంతో బాధపడ్డాడు. ఆ బాధతో మీడ్‌కు ఒక ఉత్తరం రాశాడు. రాసి, పంపకుండా దాచేశాడు. నలభై ఏళ్లు పాఠం చెప్పాను, నాకు లింకన్ మీద గౌరవం పెరిగిన సందర్భాల్లో ఇది ముందుంటుంది. అలసిపోయిన మనిషి మీద కోపం కాగితం మీద దించుకుని, అక్కడితో ఆపేయగలిగాడు.


గోదావరి_గట్టు

మాస్టారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఈ టాపిక్ మీద చాలా వీడియోలు చూశాను. అందరూ గ్రాంట్ గొప్ప అంటున్నారు గానీ ఆయన మనుషుల్ని బలిపెట్టి గెలిచాడు కదా? లీ దగ్గర తక్కువ మంది, తక్కువ సరుకు. అయినా నాలుగేళ్లు నిలబడ్డాడు. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో లీ ర్యాంకు రెండు, గ్రాంట్ ఎక్కడో మధ్యలో. నా దృష్టిలో నాయకుడంటే లీయే.


కాజీపేట_జంక్షన్

బిడ్డా, విక్స్‌బర్గ్ లెక్కే చూడు. మే మొదట్లో దక్షిణాది సేనానులు ఇద్దరు, అటు విక్స్‌బర్గ్‌లో పెంబర్టన్ సైన్యం, ఇటు జాన్‌స్టన్ సైన్యం కలిస్తే గ్రాంట్‌కు ఇంచుమించు సరిసమానం. వాళ్లిద్దరినీ కలవనియ్యకుండా మధ్యలో దూరిండు. ఆ మొత్తం దండయాత్రలో అతని నష్టం సుమారు 10 వేలు, పట్టుకున్నది 29 వేలకు పైగా. ఇందులో బలి ఎక్కడుంది? తప్పులు చెయ్యలేదనను. మే 22న కోట మీద నేరుగా దాడి చేయించి ఒక్కరోజులో మూడు వేలకు పైగా మనుషులను పోగొట్టుకున్నడు. 1864లో కోల్డ్ హార్బర్ దగ్గర చివరి దాడి మీద తనకు ఎప్పటికీ విచారమేనని తన జ్ఞాపకాల్లో తనే రాసుకున్నడు.


పాత_మ్యాపులు (రాజమండ్రి)

నాయనా, నీ ప్రశ్న మంచిదే. ర్యాంకుల సంగతి ముందు చూద్దాం. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల 1802లో పెట్టారు. లీ 1829 బ్యాచ్‌లో రెండో ర్యాంకు, తర్వాత ఆ కళాశాలకే అధిపతిగా పనిచేశాడు. గ్రాంట్ 1843 బ్యాచ్, 39 మందిలో 21వ వాడు. పికెట్ 1846 బ్యాచ్‌లో ఆఖరివాడు. ఆ బ్యాచ్‌లో రెండో ర్యాంకు ఉత్తరాది సేనాని మెక్లెలన్. లక్షమంది సైన్యం చేతిలో ఉన్నా అడుగు ముందుకు వేయలేకపోయాడని లింకన్ అతన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ర్యాంకును బట్టి ఏమీ తేలదు.

గ్రాంట్ 1854లో సైన్యం వదిలేశాడు. వ్యవసాయం చేసి నష్టపోయాడు, సెయింట్ లూయీ వీధుల్లో కట్టెలు అమ్మాడు, చివరికి తండ్రి తోలు దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. మూడేళ్లలో విక్స్‌బర్గ్ గెలిచాడు. ఈ మనిషిని చిన్నచూపు చూడకు.

ఇంకొకటి. లీ యుద్ధనైపుణ్యాన్ని ఎవరూ కాదనరు. కానీ ఎవరి కోసం పోరాడాడు? నలభై లక్షల మంది మనుషుల్ని బానిసలుగా ఉంచుకునే హక్కు కోసం ఏర్పడిన ప్రభుత్వం అది. దీన్ని పక్కన పెట్టి నాయకత్వం గురించి మాట్లాడితే సగం మాట్లాడినట్టే.


పద్మ_హారిస్‌బర్గ్

సవరణకు ధన్యవాదాలు మాస్టారూ. ఇంతకాలం చుట్టాలందరికీ తప్పే చెప్పాను, ఇకనుంచి సరిచేసి చెబుతాను.

గోదావరి_గట్టు తమ్ముడికి ఒక ఇల్లు గురించి చెప్పాలి. పికెట్ దాడి జరిగిన గట్టు మీదే చిన్న తెల్లటి చెక్క ఇల్లు ఉంది. దాని యజమాని ఏబ్రహమ్ బ్రయన్ అనే నల్లజాతి రైతు. స్వేచ్ఛగా బతికే మనిషి. పన్నెండు ఎకరాల సొంత పొలం. లీ సైన్యం పెన్సిల్వేనియాలోకి వస్తూ దారిలో దొరికిన నల్లజాతి వాళ్లను పట్టి దక్షిణాదికి, బానిసత్వంలోకి పంపించింది. ఎప్పుడూ బానిసలు కానివాళ్లను కూడా. అందుకని బ్రయన్ పెళ్లాం పిల్లల్ని తీసుకుని పారిపోయాడు. తిరిగొచ్చేసరికి ఇల్లు గుల్ల, కంచెలు లేవు, పంట లేదు. వెయ్యి డాలర్లకు పైగా నష్టపరిహారం అడిగితే చేతికొచ్చింది 15 డాలర్లు. మళ్లీ అదే పొలంలో దుక్కి మొదలుపెట్టాడు.

విగ్రహాల దగ్గర జనం గుంపులుగా ఫొటోలు తీసుకుంటారు. ఆ ఇంటి ముందు చాలాసార్లు నేనొక్కదాన్నే ఉంటాను.


గోదావరి_గట్టు

ఈ విషయం నేను చూసిన ఒక్క వీడియోలో కూడా లేదక్కా. చదువుతాను.


ఎమర్జెన్సీ_వార్డు (విజయవాడ)

నేను నర్సుని. నైట్ డ్యూటీ అయ్యాక ఇదంతా కూర్చుని చదివాను. ఎవరూ జొనాథన్ లెటర్మన్ పేరు ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

అంతర్యుద్ధం మొదట్లో దెబ్బతిన్నవాళ్లను తీసుకురావడానికి ఒక పద్ధతి లేదు. బండ్లు తోలేవాళ్లు కాల్పులు మొదలవగానే పారిపోయేవాళ్లు. 1862 ఆగస్టులో రెండో బుల్ రన్ యుద్ధం తర్వాత గాయపడ్డవాళ్లు రోజుల తరబడి ఆ మైదానంలోనే నీళ్లు లేకుండా పడి ఉన్నారు. లెటర్మన్ సైన్యంలో డాక్టరు. అంబులెన్సు బండ్లకు ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టాడు, వాళ్లకు శిక్షణ ఇచ్చాడు, ఆ బండ్లను వేరే పనికి వాడకూడదన్నాడు. మైదానం పక్కనే కట్టు కట్టే చోటు, కొంచెం వెనక ఆపరేషన్లు చేసే చోటు, ఇంకా దూరంగా పెద్ద ఆసుపత్రి. ఎవర్ని ముందు చూడాలో విడదీయడం. మా వార్డులో ఈరోజుకీ రోగి రాగానే మేం చేసే మొదటి పని అదే.

గెటిస్‌బర్గ్ తర్వాత రెండు సైన్యాలూ వెళ్లిపోయాక ఆ చిన్న ఊరి చుట్టూ ఇరవై వేల మందికి పైగా గాయపడ్డవాళ్లు మిగిలారు. చర్చిలు, బడులు, గోశాలలు అన్నీ ఆసుపత్రులే. ఊరి బయట గుడారాలతో వేసిన పెద్ద ఆసుపత్రికి లెటర్మన్ పేరే పెట్టారు. రెండు పక్షాల సైనికులకూ అక్కడ వైద్యం చేశారు. 1864 మార్చిలో ఆయన అంబులెన్సు పద్ధతి మొత్తం సైన్యానికి చట్టమైంది. 108 కూత వినబడినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. మీ జాబితాలో సేనానుల పక్కన ఆయనకూ చోటివ్వండి.


మ్యాన్‌హాటన్_కాన్సస్

చాలా మంచి మాట చెప్పారు సిస్టర్. యుద్ధం జరుగుతుండగా పుట్టిన సంస్థల గురించి నేనూ చెప్పాలి, ఎందుకంటే నేను చదువుతున్నది అలాంటి దానిలోనే.

కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ మొదలైంది 1863 ఫిబ్రవరిలో. ఒకపక్క గ్రాంట్ విక్స్‌బర్గ్ బురదలో కాలువ తవ్విస్తున్న నెలల్లోనే. మోరిల్ అనే వెర్మాంట్ ప్రతినిధి తెచ్చిన చట్టం దానికి మూలం. ఒక్కో కాంగ్రెస్ సభ్యుడికి 30 వేల ఎకరాల లెక్కన రాష్ట్రాలకు ప్రభుత్వ భూమి ఇస్తారు, అది అమ్మిన డబ్బుతో వ్యవసాయం, ఇంజినీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టాలి. 1859లో ఇదే బిల్లును అప్పటి అధ్యక్షుడు బుకానన్ తిప్పికొట్టాడు. దక్షిణాది సభ్యులు కాంగ్రెస్ వదిలి వెళ్లిపోయాక 1862 జూలై 2న లింకన్ సంతకం పెట్టాడు. అదే ఏడాది వ్యవసాయ శాఖ, 160 ఎకరాల హోమ్‌స్టెడ్ చట్టం, పసిఫిక్ రైల్వే చట్టం కూడా.

మన తెలుగు పిల్లలు ఎమ్మెస్‌కు వచ్చి చేరే యూనివర్సిటీల్లో పర్‌డ్యూ, టెక్సస్ ఏ అండ్ ఎమ్, అయోవా స్టేట్, ఓక్లహోమా స్టేట్, మిసిసిపీ స్టేట్... అన్నీ ఆ చట్టం చలవే. మా నాన్న ఆటో తోలి నన్ను చదివించాడు. ల్యాబ్‌లో కూర్చున్నప్పుడు ఈ సంగతి నాకు చాలాసార్లు గుర్తొస్తుంది, యుద్ధంతో ఖజానా ఖాళీ అవుతున్న ఏడాదిలో కాలేజీల గురించి ఆలోచించారు కదా అని.


పాత_మ్యాపులు (రాజమండ్రి)

బాగా చెప్పావు బాబూ. ఒక్క మాట కలుపుతాను. ఆ 'ప్రభుత్వ భూమి' ఆదివాసీ జాతుల నుంచి ఒప్పందాల పేరుతో, బలవంతంతో తీసుకున్నదే. చట్టం మీద లింకన్ సంతకం పెట్టిన ఏడాదే, 1862 డిసెంబర్ 26న, మినసోటాలోని మన్‌కేటోలో 38 మంది డకోటా వాళ్లను ఒకేసారి ఉరితీశారు. మరణశిక్ష పడిన మూడువందల మందికి పైగా ఫైళ్లు తెప్పించుకుని ఎక్కువ మందికి లింకన్ ఉరి తప్పించిన మాట నిజం. ఆ మిగిలినవాళ్ల ఉరికి ఆమోదం ఇచ్చిందీ ఆయనే.

విక్స్‌బర్గ్ దగ్గర ఇంకో చోటు చెప్పకుండా ఉండలేను. మిలికెన్స్ బెండ్. నదికి అవతలి ఒడ్డున. 1863 జూన్ 7న అక్కడ ఉత్తరాది శిబిరాన్ని కాపాడింది ఎక్కువగా నల్లజాతి సైనికులు. కొన్ని వారాల ముందు దాకా బానిసలు. తుపాకీ సరిగా పేల్చడం నేర్పే సమయం కూడా దొరకలేదు. బాకులతో, తుపాకీ మడమలతో పోరాడి నిలిచారు. వీళ్లకు జీతం ఎంతో తెలుసా? తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు. వీళ్లకు 10, అందులో బట్టలకని 3 కోత. 1864 జూన్‌లో గానీ కాంగ్రెస్ దాన్ని సరిదిద్దలేదు. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు.


పద్మ_హారిస్‌బర్గ్

సంస్థల మాట వచ్చింది కాబట్టి ఉత్తరాది సేనాని ఆలివర్ హోవర్డ్. 1862లో యుద్ధంలో కుడిచెయ్యి పోయింది. ఒంటిచేత్తోనే గెటిస్‌బర్గ్‌లో ఒక దళాన్ని నడిపాడు. యుద్ధం అయ్యాక విముక్తులైనవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకు అధిపతి అయ్యాడు. బడులు పెట్టించాడు. వాషింగ్టన్‌లో 1867లో మొదలైన హోవర్డ్ యూనివర్సిటీ ఆయన పేరు మీదే. కమలా హారిస్ చదివింది అక్కడే. 1877లో నెజ్ పెర్స్ ఆదివాసులను వాళ్ల నేల నుంచి తరిమిన సైన్యానికి అధిపతి కూడా ఆయనే. మాస్టారు చెప్పింది చదివాక ఇది దాచాలనిపించలేదు.


నల్లరేగడి (జాక్సన్, మిసిసిపీ)

నిన్న రాత్రి భోజనాలయ్యాక నాన్నకు మొత్తం చదివి వినిపించాను. అమ్మ కూడా కూర్చుంది. రెండు గంటలు పట్టింది. మధ్యలో ఆపి ఆపి అడిగారు.

మిసిసిపీ పత్తి చేలు చూసినప్పటి నుంచి ఆయనకు పత్తి ధ్యాసే. యుద్ధంలో ఉత్తరాది నౌకలు రేవులు మూసేసరికి ఇంగ్లండ్ మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయిందని, అప్పుడు వాళ్లు మన దేశం వైపు తిరిగారని, మన వైపు పత్తికి కూడా ధర ఎగబాకిందని చెప్పాను. కాకినాడ రేవు నుంచి పోయే మన పత్తికి 'కోకనాడ' అనే వ్యాపార పేరు ఉండేదని కూడా చెప్పాను. 'మరి యుద్ధం అయిపోయాక?' అన్నారు వెంటనే. 1865 తర్వాత ధర పడిపోయింది నాన్నా అన్నాను. 'ఆ రేటు చూసి అప్పు చేసి వేసినోళ్ల గతి ఏమై ఉంటదో' అని చాలాసేపు మాట్లాడలేదు. ఆయనా రెండుసార్లు అలా దెబ్బతిన్నారు.

నర్సు గారు రాసింది అమ్మకు బాగా నచ్చింది. ముట్టడిలో విక్స్‌బర్గ్ జనం గట్టు మట్టిలో గుహలు తవ్వుకుని పిల్లాపాపలతో ఉన్నారని, చివరికి కంచరగాడిద మాంసం తిన్నారని, పేపరు అయిపోతే గోడలకు అంటించే రంగు కాగితం వెనకవైపు వార్తలు అచ్చువేశారని చెప్పాను. వాళ్లకు వంట నీళ్లు ఎక్కడివి అని అడిగింది. నాకు తెలియలేదు.

ఇక అసలు ప్రశ్న. నాన్న తీర్పు: 'మీరు ఇన్ని చెప్పారు గానీ, రైల్వే ఆయన మాటే నాకు ఎక్కింది. నీళ్ల దారి, బండి దారి మూసినాక ఊరు ఎన్నాళ్లు నిలుస్తది.' ఆ తర్వాత లీ లొంగుబాటు గురించి అడిగారు. 1865 ఏప్రిల్ 9, అప్పమాటక్స్. లీ కొత్త యూనిఫాంలో, గ్రాంట్ బురద బూట్లతో మామూలు సిపాయి కోటులో. షరతుల కాగితాన్ని శుభ్రంగా తిరగరాసింది ఈలీ పార్కర్ అనే సెనెకా ఆదివాసీ అధికారి. ఆకలితో ఉన్న లీ సైన్యానికి 25 వేల మందికి సరిపడా తిండి పంపాడు గ్రాంట్. సొంత గుర్రం ఉన్న సైనికులు వాటిని ఇంటికి తోలుకుపోవచ్చన్నాడు, దున్నకాల రోజులు కాబట్టి.

నాన్న అక్కడ ఆపమన్నారు. 'దుక్కికనే వదిలేశాడా గుర్రాల్ని?' అవునన్నాను. 'ఇంకోసారి చదువు' అన్నారు. చదివాను.


కాజీపేట_జంక్షన్

తమ్ముడూ, నాన్నకు నా దండాలు చెప్పు.


పద్మ_హారిస్‌బర్గ్

మీ నాన్నగారు విక్స్‌బర్గ్‌కే ఓటేసినా సరే, వెనక్కి వెళ్లేలోపు ఒకసారి మా వైపు తీసుకురండి. మా ఇంట్లోనే దిగండి, మొహమాటం వద్దు. ఎండ ఎక్కకముందే ఏడింటికల్లా బయల్దేరదాం. మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి పికెట్ దారి మొత్తం నడవక్కర్లేదు, కంచె దాకా కారులో వెళ్లొచ్చు.


నల్లరేగడి (జాక్సన్, మిసిసిపీ)

చాలా సంతోషం అక్కా. వచ్చే నెల రెండో శనివారం టికెట్లు చూస్తున్నాను. నాన్నకు మీ మెసేజ్ చదివాను. విగ్రహాలు తర్వాత చూద్దాం, ముందు ఆ పన్నెండెకరాల రైతు ఇల్లు చూపించమంటున్నారు. ఆ పొలంలో ఏ పంట వేసేవాడో అక్కడ ఎవరైనా చెప్పగలరా అని అడుగుతున్నారు.


పద్మ_హారిస్‌బర్గ్

అక్కడి గైడ్లను అడిగి పెట్టుకుంటాను. మీరు టికెట్లు బుక్ చేసేయండి.